మీ పిల్లలు “నేను ఫర్రీని” అన్న రోజు

సెలవులకు నరసరావుపేట హాస్టల్ నుంచి నూజెండ్ల వచ్చిన మీ అబ్బాయి, ఫోన్ చార్జింగ్‌కి పెట్టి స్నానానికి వెళ్లాడు. తెర వెలిగింది. నీలం బొచ్చు, చెవికి పోగు, ఒంటి మీద కాలేజీ కుర్రాడి చొక్కా ఉన్న నక్క బొమ్మ. దాని కింద ఎవరో “నీ ఫర్‌సోనా అదిరింది” అని రాశారు. అబ్బాయి బయటికి రాగానే “ఏందిరా ఇది?” అని అడిగారు. వాడు కాసేపు తటపటాయించి “నేను ఫర్రీని నానా” అన్నాడు.

ఇప్పుడు మీరేం చేస్తారు? ఫోన్ లాక్కుంటారా? వినుకొండలో ఉన్న బావమరిదికి కబురు పెడతారా? రాత్రంతా యూట్యూబ్‌లో వెతికి, కనిపించిన ప్రతి భయంకరమైన వీడియో చూసి, తెల్లవారేసరికి వాడికేదో అయిపోయిందని నిర్ణయానికి వస్తారా?

కాస్త ఆగండి. మీ భయంలో కొంత న్యాయం ఉంది. కానీ చాలామంది తల్లిదండ్రులు బొమ్మను చూసి, తోకను చూసి, ముసుగును చూసి భయపడతారు. అవి ఎవరికీ హాని చేయవు. జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి: డబ్బు, ముక్కూ మొహం తెలియని పెద్దవాళ్లు, వయసుకు తగని బొమ్మలు, ఎండ. ఈ అధ్యాయంలో మీరు నేర్చుకోబోయేది భయపడక్కర్లేనివాటినీ, జాగ్రత్త పడాల్సినవాటినీ విడదీసి చూడటం. అందుకు ముందుగా మీ పిల్లల మాటలు మీకు అర్థం కావాలి.

ఫర్రీ అంటే ఎవరు?

మనిషిలా నడిచే, మాట్లాడే, ఆలోచించే జంతు పాత్రలంటే ఇష్టపడేవాళ్లు ఫర్రీలు. ఆ ఇష్టం చుట్టూ అల్లుకున్న అభిమాన లోకం ఫర్రీ ఫ్యాండమ్. బొమ్మలు గీస్తారు, కథలు రాస్తారు, వేషాలు కుడతారు, ఒకరినొకరు కలుస్తారు. అంతే.

ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. 1980లో అమెరికాలోని బోస్టన్‌లో జరిగిన ఒక సైన్స్ ఫిక్షన్ సమావేశంలో స్టీవ్ గలాచీ అనే చిత్రకారుడు గీసిన జంతు పాత్ర చుట్టూ కొందరు అభిమానులు చేరారు. ఆ ముచ్చట్లే ఏటేటా పెరిగి, 1989లో కాలిఫోర్నియాలోని కోస్టా మేసాలో కాన్‌ఫరెన్స్ జీరో పేరుతో తొలి ప్రత్యేక సమావేశమైంది. దానికి వచ్చినవాళ్లు 65 మంది. ఇవాళ పిట్స్‌బర్గ్‌లో జరిగే ఆంత్రోకాన్‌కి, చికాగో దగ్గర జరిగే మిడ్‌వెస్ట్ ఫర్‌ఫెస్ట్‌కి పది వేలకు పైగా జనం వస్తున్నారు. జర్మనీలో 1995లో మొదలైన యూరోఫరెన్స్ ఇప్పటికీ నడుస్తోంది.

“మన పల్నాడుకూ దీనికీ ఏం సంబంధం?” అంటారా? ఈ ఫ్యాండమ్ మన దగ్గర పుట్టలేదు, నిజమే. కానీ జంతువు నోట మాట పలికించడం మనకు కొత్తా? నూజెండ్లకు దగ్గరి పట్నం వినుకొండ. సీతమ్మను రావణుడు ఎత్తుకెళ్లిన కబురు రాముడికి జటాయువు చెప్పింది ఆ కొండ దగ్గరేనని స్థలపురాణం. అదే వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా, గుడి గడప తొక్కనివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పుకోవడానికి ఎవరిని ఎంచుకున్నాడు? గబ్బిలాన్ని. 1941లో వచ్చిన ఆ ‘గబ్బిలం’ కావ్యం ఇప్పటికీ మన గుండెల్ని పట్టి కుదుపుతుంది. మన జిల్లాలోనే ఉన్న అమరావతి స్తూపం రాళ్ల మీద ఆరు దంతాల ఏనుగు జాతక కథ చెక్కారు. చిన్నయసూరి నీతిచంద్రికలో కాకి, ఎలుక, తాబేలు, జింక స్నేహం చేశాయి. 2012లో రాజమౌళి ‘ఈగ’ తీస్తే ఈగ పగ తీర్చుకుంటుంటే థియేటర్‌లో ఈల వేసినవాళ్లం మనమే. దసరాకి ఒంటికి పసుపు రంగు, నల్ల చారలు పూసుకుని డప్పు దెబ్బకు అడుగు వేసే పులి వేషగాడి ముందు పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డదీ మనమే.

తేడా ఒకటుంది, దాన్ని దాచిపెట్టకూడదు. మన కథల్లో జంతువును కవి సృష్టించాడు, లేదా సంప్రదాయం ఇచ్చింది. పులి వేషగాడికి పులి తరతరాలుగా వచ్చింది. ఫర్రీలు ఎవరి జంతువును వాళ్లే తయారుచేసుకుంటారు. ఇందులో భక్తి లేదు, మొక్కు లేదు. మీ అబ్బాయి ఏ కొత్త మతంలోనూ చేరలేదు.

ముందు నేర్చుకోవాల్సిన మాటలు

ఈ మాటలు తెలిస్తే మీ పిల్లల సంభాషణ సగం అర్థమవుతుంది. ఒక్కసారి చదివి వదిలేయకండి, వాళ్ల దగ్గర కూర్చుని అడుగుతూ నేర్చుకోండి. తప్పు పలికితే సరిదిద్దుతారు, ఆ వంకన పది మాటలు మాట్లాడతారు.

ఆంత్రో అంటే రెండు కాళ్ల మీద మనిషిలా నిలబడే జంతు పాత్ర. 2016లో వచ్చిన ‘జూటోపియా’లో నక్క ఆంత్రో. ఫెరల్ అంటే ఒళ్లు జంతువుదిగానే, నాలుగు కాళ్ల మీద ఉండేది. ‘లయన్ కింగ్’లో సింహాలు మాట్లాడినా ఫెరల్ కిందికే వస్తాయి.

ఫర్‌సోనా. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే. ఒక ఫర్రీ తన కోసం ఊహించుకున్న జంతు రూపం అది. దానికో పేరు, రంగులు, గుణం, ఒక్కోసారి పెద్ద కథ కూడా ఉంటాయి. తోడేళ్లు, నక్కలు, కుక్కలు, పులి జాతులు, డ్రాగన్లు ఎక్కువగా కనిపిస్తాయి. ఫర్రీల్లో అత్యధికులకు ఫర్‌సోనా ఉంటుంది. వేసుకోవడానికి వేషం మాత్రం చాలామందికి ఉండదు. కాబట్టి “ఫర్రీ అంటే బొచ్చు సూట్ వేసుకుని తిరిగేవాళ్లు” అన్న మాట తప్పు.

సిగ్గుపడే పిల్ల తన ఫర్‌సోనాను నదురూ బెదురూ లేని ఆడపులిలా గీసుకుంటుంది. నలుగురిలో నోరు మెదపని పిల్లవాడు తన నక్కతో జోకులు వేయిస్తాడు. మీ పిల్లలు ఏం కావాలనుకుంటున్నారో ఆ బొమ్మలో కనిపిస్తుంది. దాన్ని చూడటానికి మీకు ఓపిక ఉందా?

రెఫ్ షీట్ అంటే ఆ పాత్రను ముందు నుంచి, వెనక నుంచి గీసి, ఏ రంగు ఎక్కడో పక్కన చూపించే పటం. దాన్ని చూసి వేరే చిత్రకారులు అదే పాత్రను గీయగలరు. అలా డబ్బిచ్చి గీయించుకోవడం కమిషన్. ఎవరో ముందే గీసి అమ్మకానికి పెట్టిన పాత్ర అడాప్టబుల్. పాత్ర జాతిలో కూడా రెండు రకాలున్నాయి: ఎవరైనా గీసుకోగలిగింది ఓపెన్ స్పీసీస్, సృష్టించినవాళ్ల దగ్గర కొనుక్కుని లేదా అనుమతి తీసుకుని మాత్రమే వాడాల్సింది క్లోజ్డ్ స్పీసీస్. మీ అమ్మాయి “క్లోజ్డ్ స్పీసీస్ కొనాలి” అందంటే అది డబ్బు ప్రస్తావన అని గుర్తుపెట్టుకోండి.

ఫర్‌సూట్ అంటే వేషం. తల, చేతి పంజాలు, తోక మాత్రం ఉంటే పార్షియల్. ఒళ్లంతా కప్పితే ఫుల్ సూట్. లోపల ఉన్నవాళ్లకు సరిగ్గా కనపడదు, ఉక్క పోస్తుంది, అందుకని పక్కనే ఒక తోడు నడుస్తారు. ఆ తోడు పేరు హ్యాండ్లర్. సమావేశాల్లో తల తీసి నీళ్లు తాగి, ఫ్యాన్ల ముందు సేదతీరే గదిని హెడ్‌లెస్ లాంజ్ అంటారు. సమావేశం కాన్. అందులో బొమ్మలు, తోకలు, బ్యాడ్జీలు అమ్మే హాలు డీలర్స్ డెన్. ఊళ్లో పదిమంది కలుసుకునే చిన్న కలయిక ఫర్‌మీట్. ఏళ్ల తరబడి ఈ లోకంలో ఉన్న పెద్దవాళ్లు గ్రేమజిల్స్. ముక్కు మీద వేలితో తాకడం బూప్, చెవి వెనక గోకడం స్క్రిచెస్. ఈ రెండూ అడిగి చేయాలి, అడగకుండా చేస్తే అమర్యాద.

ఈ చివరి మాటలు మీరు తప్పనిసరిగా తెలుసుకోవాల్సినవి. ఎస్ఎఫ్‌డబ్ల్యూ అంటే అందరూ చూడదగ్గది. ఎన్ఎస్ఎఫ్‌డబ్ల్యూ అంటే పెద్దలకు మాత్రమే. కొందరి ప్రొఫైల్‌లో “మైనర్స్ డీఎన్ఐ” అని ఉంటుంది, 18 నిండనివాళ్లు మాతో మాట్లాడొద్దని దాని అర్థం. అలా రాసుకున్నవాళ్లు హద్దు పాటిస్తున్నారు. మీ పిల్లలూ ఆ హద్దు దాటకూడదు.

ఇప్పుడు ఏం చేయాలి?

1. మొదటి ప్రశ్న బొమ్మ గురించి అడగండి.

“ఎందుకిలా తయారయ్యావు?” అన్నది ప్రశ్న కాదు, తీర్పు. “ఈ నక్క పేరేంటి? నీలం రంగే ఎందుకు?” అనండి. అంతకు మించి ఆ రోజు ఏమీ అనకపోయినా నష్టం లేదు. ఇంకో మెట్టు ఎక్కాలనిపిస్తే “మన ఊరి జంతువునేదైనా గీయరాదూ?” అని అడగండి. మూపురం ఎత్తిన ఒంగోలు గిత్త, పుట్ట మీద నిలబడ్డ ముంగిస, ఉడుము, డేగ రంగు పుంజు. పుంజు ఈకల రంగుని బట్టి కాకి, డేగ, నెమలి, పర్ల, అబ్రాసు అని పేర్లు పెట్టిన ప్రాంతం మనది. ఇన్ని రంగుల భాష మీ నాన్నగారి దగ్గర ఉంటే, వాటిని గీసే చెయ్యి ఆయన మనవడి దగ్గరుంది. ఇద్దర్నీ ఒక మంచం మీద కూర్చోబెట్టండి. ప్రపంచంలో తోడేళ్లు గీసేవాళ్లు లక్షల్లో ఉన్నారు. డేగ పుంజు ఫర్‌సోనా ఎంతమంది దగ్గర ఉంటుంది?

2. ఫోన్ లాక్కోకండి.

తల్లిదండ్రులు ఎక్కువగా చేసే తప్పు ఇదే. ఫోన్ లాక్కుంటే ఇష్టం పోదు, మీతో చెప్పడం పోతుంది. రేపు ఆన్‌లైన్‌లో ఎవరైనా బెదిరించినప్పుడు ఆ పిల్ల మీ దగ్గరికి రావాలా, వద్దా? కాథ్లీన్ గెర్బాసీ, కోర్ట్నీ ప్లాంటే వంటి మనస్తత్వ పరిశోధకులు ఏళ్ల తరబడి ఫర్రీలను అధ్యయనం చేశారు. బడిలో తోటివాళ్ల ఏడిపింపులు పడ్డవాళ్లు వీళ్లలో మామూలు కంటే ఎక్కువని వాళ్లు గమనించారు. బయట దెబ్బతిన్న పిల్లలకు అది ఆదరణ దొరికిన చోటు. అలాంటి చోటును మీరు కూడా వెక్కిరిస్తే వాళ్లెక్కడికి పోతారు?

3. వాట్సాప్‌లో వచ్చినదాన్ని నమ్మే ముందు ఆగండి.

2022లో అమెరికాలో ఒక పుకారు బాగా వ్యాపించింది. పిల్లలు తమను తాము పిల్లులనుకుంటున్నారని, బళ్లలో వాళ్ల కోసం ఇసుక డబ్బాలు పెడుతున్నారని. రాజకీయ నాయకులు కూడా వేదికల మీద చెప్పారు. విలేకరులు వెళ్లి విచారిస్తే ఏ బడిలోనూ అలాంటిది లేదని తేలింది. అయినా ఆ పుకారు ఇంకా తిరుగుతూనే ఉంది, మన గ్రూపుల్లోకీ రావచ్చు.

దీనితో కలిసిపోయే ఇంకో గందరగోళం ఉంది. తమలో ఒక జంతువు ఉందని లోలోపల నమ్మేవాళ్లను థీరియన్లు అంటారు. నాలుగు కాళ్ల మీద గెంతే వ్యాయామం పేరు క్వాడ్రోబిక్స్. ఇవి రెండూ ఫర్రీకి దూరపు చుట్టాలు, ఒకటే కావు. చాలామంది ఫర్రీలకు తాము మనుషులమేనని మీకూ నాకూ తెలిసినంత స్పష్టంగా తెలుసు. మీ వాడు ఏ కోవకు చెందుతాడో వాడినే అడగండి, వీడియో చూసి తేల్చకండి. చదువు, నిద్ర, తిండి దెబ్బతిని, గది దాటి రాకపోతే అప్పుడు మానసిక వైద్యుల్ని కలవండి. అది ఫర్రీ కాబట్టి కాదు, బాధలో ఉన్నాడు కాబట్టి.

4. డబ్బు దగ్గర ఖచ్చితంగా ఉండండి.

పేరున్నవాళ్లు కుట్టే ఫుల్ సూట్ ఖరీదు వేల డాలర్లలో ఉంటుంది. మన లెక్కలో అది లక్షలు. మిర్చి ధర పడిపోయిన ఏడాది ఇంట్లో ఈ మాట వస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. కోప్పడకుండా లెక్క చూపించండి. “మన ఇంటి ఖర్చు ఇది, నీ ముచ్చటకు ఇంత ఇవ్వగలను” అని ఒక అంకె చెప్పండి. అడిగినా ఇవ్వలేననడం అవమానం కాదు.

కమిషన్ ఇచ్చేటప్పుడు మోసాలు జరుగుతాయి. వేరేవాళ్ల బొమ్మలు తనవని చూపించి డబ్బు తీసుకుని మాయమైపోయేవాళ్లున్నారు. చిత్రకారుడి పాత పని, పాత గిరాకీల మాట, నిబంధనలు చూశాకే డబ్బు పంపాలి. 18 నిండని పిల్లలు చేసే ప్రతి చెల్లింపూ మీకు తెలిసి జరగాలి. మోసపోతే సైబర్ నేరాల నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు వెనక్కి రావడం కష్టం.

దీనికి రెండో వైపూ ఉంది. మీ అమ్మాయి బొమ్మలు బాగా గీస్తే తనే కమిషన్లు తీసుకోవచ్చు. ఈ లోకంలో కొనేవాళ్లు బొమ్మకు విలువ ఇస్తారు. అయితే మొదటి రోజే ధరల పట్టిక, ఎన్నిసార్లు మార్పులు చేస్తుంది, ఎన్నాళ్లలో ఇస్తుంది, ఏం గీయదు అన్నది రాసి పెట్టమనండి. “ఏం గీయదు” అన్న వరస అన్నిటికంటే ముఖ్యం.

5. 18 అన్న గీత చెరగనివ్వకండి.

ఫర్రీ లోకంలో పెద్దల కోసం గీసే బొమ్మలు ఉన్నాయి. లేవని చెప్పి మిమ్మల్ని నమ్మించడం నాకిష్టం లేదు. సినిమాల్లో, నవలల్లో ఉన్నట్టే ఇక్కడా ఉన్నాయి. బాధ్యత ఉన్న గ్రూపులు వాటిని వేరు గదుల్లో పెట్టి వయసు అడుగుతాయి. బాధ్యత లేనివీ ఉంటాయి. కాబట్టి పిల్లలతో కలిసి కూర్చుని ఈ నియమాలు పెట్టుకోండి: అసలు పేరు, బడి, ఊరు, ఫోన్ నంబరు, ముఖం ఉన్న ఫోటో ఇవ్వకూడదు. వయసు అబద్ధం చెప్పి పెద్దల గదుల్లోకి వెళ్లకూడదు. పెద్దవాళ్లెవరైనా “మనిద్దరి మధ్యే ఉండాలి” అన్నారంటే అదే మీకు చెప్పాల్సిన క్షణం. అలా జరిగితే సంభాషణ ఫోటో తీసి దాచండి, ఆ ఖాతాను బ్లాక్ చేయండి, పిల్లల సహాయ నంబరు 1098 ఉంది, పోలీసులున్నారు. తిట్టడం ఆ జాబితాలో లేదు. తప్పు పిల్లది కాదు.

ఇంకో సంగతి. బయటి లోకంలో కంటే ఫర్రీల్లో స్వలింగ ఇష్టం ఉన్నవాళ్లు, ట్రాన్స్ వాళ్లు ఎక్కువగా కనిపిస్తారు, ఎందుకంటే అక్కడ వాళ్లను గౌరవంగా చూస్తారు. మీ ఇంట్లో పిల్లలు ఆ మాట ఎత్తితే, ఫర్రీ వల్లే ఇలా అయిందని అనకండి. విని ఊరుకోండి, దగ్గరే ఉండండి.

6. సూట్ కొనే ముందు చేతులతో చేయించండి.

తోకతో మొదలు పెట్టమనండి. బొచ్చు గుడ్డ, లోపల దూది, బెల్టుకు తగిలించే పట్టీ. ఊళ్లో దర్జీ పక్కన ఓ మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది. తర్వాత పంజాలు. తల కష్టం: సోఫాలకు వాడే స్పాంజిని కత్తిరించి అంటించి ఆకారం తెచ్చి, దాని మీద బొచ్చు గుడ్డ కుడతారు. కళ్ల దగ్గర వల గుడ్డ పెట్టి దాని మీదే కంటి బొమ్మ గీస్తారు, లోపలి మనిషి ఆ సందుల్లోంచి చూస్తాడు. బొచ్చును వెనక వైపు నుంచి బ్లేడుతో కోయాలి. కత్తెర పెడితే అంచు మొద్దుగా తెగి పోగులు పాడవుతాయి.

7. ఎండాకాలం వద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఉన్న జిల్లా మనది. వేసవిలో మామూలు చొక్కాతోనే వడదెబ్బ తగులుతుంది. స్పాంజి తల, బొచ్చు ఒళ్లు వేసుకుని మే నెలలో బయట తిరగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. డిసెంబరు, జనవరి సాయంత్రాలు ఎంచుకోండి. కాసేపు వేసుకున్నాక తల తీసేయాలి, ఉప్పు చక్కెర కలిపిన నీళ్లు తాగాలి. హ్యాండ్లర్ లేకుండా అడుగు బయట పెట్టకూడదు. తల తిరిగినట్టు అనిపించినా, చెమట ఆగిపోయినా ఆ రోజు వేషం ముగిసినట్టే. నీడలోకి తీసుకెళ్లి సూట్ విప్పేయండి, ఒళ్లు తడి గుడ్డతో తుడవండి, చెమట ఆగిపోయినా, తేరుకోకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

8. చుట్టాలకు ఒక్క వాక్యం సిద్ధంగా పెట్టుకోండి.

పెళ్లిలో ఎవరో “మీ వాడేందో జంతువు వేషాలేస్తున్నాడంట?” అంటారు. అందరి ముందూ మీరు తల దించుకుంటే మీ అబ్బాయి అది చూస్తాడు. “బొమ్మలు గీస్తాడు బాబాయ్, వాడి చేతిపని చూస్తావా?” అని ఫోన్ అందివ్వండి. పెద్దమ్మలకు, తాతయ్యలకు ఫర్‌సోనా గురించి పాఠం చెప్పక్కర్లేదు. అలాగే మీ పిల్లలు ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పొద్దో వాళ్లదే నిర్ణయం. మీకు చెప్పారంటే ఊరందరికీ చెప్పమని కాదు.

9. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్తున్నారా?

పిట్స్‌బర్గ్‌లో 1970లలోనే కట్టిన వేంకటేశ్వరస్వామి గుడి మనవాళ్లందరికీ తెలుసు. అదే ఊళ్లో 2006 నుంచి ఆంత్రోకాన్ జరుగుతోంది, ఈమధ్య ఏళ్లలో జూలై మొదటి వారం ప్రాంతంలో. వేలాది ఫర్‌సూట్లు నడిచే ఊరేగింపు ఉంటుంది. ఇటీవలి ఏళ్లలో రోడ్డు పక్క నిలబడి పిట్స్‌బర్గ్ జనం పిల్లాపాపలతో దాన్ని చూస్తున్నారు. ప్రతి ఏడూ ఏదో ఒక జంతు సంరక్షణ సంస్థ కోసం అక్కడ చందాలు కూడా పోగుచేస్తారు. మీ అబ్బాయి రమ్మంటే వెళ్లండి. ఫోటో తీసుకునే ముందు చేత్తో సైగ చేసి అడగండి. తోక పట్టుకుని లాగొద్దు. తల తీసేసి పక్కన కూర్చున్న మనిషిని మాత్రం ఫోటో తీయొద్దు. దాహంగా ఉన్నట్టు కనిపిస్తే నీళ్లు కావాలేమో అడగండి, స్ట్రా ఉంటే అది కూడా ఇవ్వండి. తల తీయకుండా తాగాలంటే వాళ్లకు స్ట్రా కావాలి.